చదువులో ఒత్తిడి: ఏలీయా విషయంలో దేవుడు పాటించిన వరుస

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–18



ఈ నెల యూత్ పేజీకి చదువు, ఒత్తిడి అనే అంశం మీద పాఠం రాయమని పెద్దలు నన్ను అడిగారు. వాక్యం బోధించేంత అనుభవం నాకు లేదు. విజయవాడలో ఇంటర్మీడియట్ చదివి, అమ్మానాన్నలతో కలిసి అమెరికా వచ్చి, ఇక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం ఈమధ్యే ముగించాను. దేవుని కృపను బట్టి రెండు సెమిస్టర్లు దాటాను. ఆ రెండు సెమిస్టర్లలో నేను ఎక్కువసార్లు తెరిచిన అధ్యాయం 1 రాజులు 19. అందుకే ఈ పాఠం దాని మీదే రాస్తున్నాను. విద్యార్థులతో పాటు తల్లిదండ్రులు కూడా చివరిదాకా చదవాలని నా మనవి.

పాఠం సారాంశం ముందే చెప్తాను. అలసి కూలబడిన ఏలీయాను దేవుడు గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, తినిపించాడు. తర్వాత నడిపించాడు. ఆ తర్వాత ప్రశ్న అడిగి అతడు చెప్పేది విన్నాడు. చివరికి పని అప్పగించి, తోడు కూడా ఇచ్చాడు. మనం చదువు దగ్గరికి వచ్చేసరికి ఈ వరుసను తలకిందులు చేస్తాం. పనిని ముందు పెడతాం, నిద్రనూ తిండినీ చివరికి నెడతాం. మనసులో ఏముందో అడగడం మాత్రం మరిచిపోతాం.

1. ఈ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఊళ్లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివినవారికి తెలుసు. పొద్దున్నే లేపేది వార్డెన్, కూర్చోబెట్టి చదివించేది స్టడీ అవర్, వారం వారం పరీక్ష పెట్టేది కాలేజీ, ర్యాంకు చెప్పేది నోటీసు బోర్డు. మన సమయం మన చేతిలో ఉండదు. ఇక్కడ యూనివర్సిటీకి వచ్చేసరికి అంతా మారిపోతుంది. ఒక సెమిస్టర్‌కు సుమారు 15 క్రెడిట్లు తీసుకుంటాం. అంటే వారానికి క్లాసులు 15 గంటలే. మిగతా రోజంతా ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఒక్కో క్రెడిట్‌కు క్లాసులో ఒక గంట, బయట రెండు గంటలు చదవాలన్నది ఇక్కడి లెక్క. ఆ లెక్కన 15 క్రెడిట్లంటే వారానికి 45 గంటల పని, ఒక పూర్తి ఉద్యోగం కంటే ఎక్కువ. అందులో 30 గంటల చదువును ఎవరూ గుర్తుచేయరు. మొదటి రోజు సిలబస్ కాగితం ఇస్తారు. హోంవర్కులకు ఎంత శాతం, మిడ్‌టర్మ్‌లకు ఎంత, ఫైనల్‌కు ఎంత అన్నది తేదీలతో సహా అందులోనే ఉంటుంది. ఆ తర్వాత అడిగేవారుండరు. అక్టోబరు వచ్చేసరికి నాలుగు సబ్జెక్టుల మిడ్‌టర్మ్‌లు ఒకే వారంలో వచ్చి పడతాయి.

దీనికి తోడు ఒక్కొక్కరి ఇంటి భారం ఒక్కో రకం. స్టూడెంట్ వీసా మీద ఒంటరిగా వచ్చినవారికి బ్యాంకు లోను, డాలరు రేటు, క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటకుండా చేసుకునే చిన్న ఉద్యోగం, ఇవన్నీ తలలో తిరుగుతుంటాయి. ఇక్కడే పుట్టి పెరిగినవారికి "మీ కోసమే కదా దేశం వదిలి వచ్చాం" అనే మాట బరువు. గల్ఫ్‌లో పెరిగి, పన్నెండో తరగతి కాగానే అమ్మానాన్నలను అక్కడే వదిలి ఇండియాలో కాలేజీకి వెళ్లే పిల్లలది ఇంకో రకం ఒంటరితనం. స్కూల్లో ఎప్పుడూ మొదటి ర్యాంకు తెచ్చుకున్నవారు రెండు వందలమంది కూర్చున్న హాల్లో ఒక మామూలు విద్యార్థి అయిపోతారు. అది చిన్న దెబ్బ కాదు.

అయితే ఒత్తిడి అంతా చెడ్డదేమీ కాదు. 1908లో రాబర్ట్ యెర్కీస్, జాన్ డాడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద ప్రయోగాలు చేశారు. కష్టమైన పని నేర్పేటప్పుడు ఇచ్చే షాక్ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా అవి నేర్చుకోవడం నెమ్మదించింది. మధ్యస్థంగా ఉన్నప్పుడు బాగా నేర్చుకున్నాయి. మన విషయంలోనూ అంతే. పరీక్ష ముందు కొంచెం గుండె దడ ఉంటే అది మనల్ని పుస్తకం ముందు కూర్చోబెడుతుంది. అదే దడ వారాల తరబడి తగ్గకపోతే నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, చదివింది బుర్రకెక్కదు. అలాంటప్పుడు ఇంకో రెండు గంటలు ఎక్కువ చదివితే బాగుపడే జబ్బు కాదది.

2. గెలిచిన వెంటనే కూలిపోయాడు

18వ అధ్యాయంలో కర్మెలు పర్వతం మీద ఏలీయా ఒక్కడే 450 మంది బయలు ప్రవక్తల ఎదుట నిలబడ్డాడు. ఆకాశం నుంచి అగ్ని దిగింది. ఏళ్ల తరబడి కరువు తర్వాత వాన కురిసింది. అహాబు రథానికి ముందుగా యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. అంతటి దైవజనుడు 19వ అధ్యాయం మొదట్లోనే యెజెబెలు పంపిన ఒక్క కబురుతో ప్రాణభయంతో పారిపోయాడు. యూదాలోని బెయేర్షెబాకు వెళ్లి, తన సేవకుణ్ణి అక్కడే వదిలేసి, ఒంటరిగా ఒక రోజు ప్రయాణమంత దూరం అరణ్యంలోకి నడిచాడు. బదరీ చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు.

ఇక్కడ మనం గమనించవలసినవి మూడున్నాయి.

మొదటిది, నిన్నటి విజయం ఇవాళ్టి అలసటను ఆపలేకపోయింది. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిన పిల్లవాడు, స్కూల్లో వరుసగా బహుమతులు తెచ్చుకున్న అమ్మాయి కూడా ఒకరోజు కూలబడవచ్చు. "నీకేమిటి, నువ్వు తెలివైనదానివి" అని మనం అనేస్తే వారు ఇక నోరు విప్పరు.

రెండవది, నాలుగో వచనం చివర ఏలీయా తనను తన పితరులతో పోల్చుకుని, వారి కంటే నేనేం గొప్ప అన్నాడు. కుంగిపోయిన మనిషి మొదట చేసే పని పోల్చుకోవడమే. మన ఇళ్లలో ఆ పని చేసిపెట్టడానికి చుట్టాలు, వాట్సాప్ గ్రూపులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

మూడవది, చావు కోరుకున్న మనిషిని దేవుడు ఒక్క మాట కూడా కోప్పడలేదు. "నిన్ననే అగ్నిని చూశావు కదా, నీ విశ్వాసం ఏమైంది" అని అడగలేదు. ఆ ప్రార్థనకు ఆయన అవును అనలేదు, కానీ ఆ ప్రార్థన చేసినవాణ్ణి విడిచిపెట్టనూ లేదు. అపొస్తలుడైన పౌలు కూడా 2 కొరింథీయులకు 1:8లో ఆసియాలో తమకు వచ్చిన శ్రమ తమ శక్తికి మించిపోయిందని, బ్రతుకు మీదే ఆశ వదులుకున్నామని సంఘానికి దాచకుండా రాశాడు. కాబట్టి ఒత్తిడిలో ఉన్న యౌవనస్థుణ్ణి చూసి "ప్రార్థన తగ్గింది, అందుకే ఇలా" అని తేల్చేయడం వాక్యానుసారమైన మాట కాదు.

ఇది మాటవరసకు చెప్పే సంగతి కాదని మనకు తెలుసు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక వరుసగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న వార్తలు మనమందరం చదివాం. ఆ వయసు పిల్లలే మన ఆరాధనలో గిటార్ వాయిస్తున్నారు, సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాటలు నేర్పుతున్నారు. వారిలో ఎవరు బదరీ చెట్టు కింద కూర్చున్నారో పైకి కనిపించదు.

3. ముందు నిద్ర, తర్వాత రొట్టె

ఏలీయా నిద్రపోయాడు. దేవదూత వచ్చి అతణ్ణి తట్టి లేపి తినమన్నాడు. చూస్తే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఉన్నాయి. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా వచ్చి తట్టి లేపాడు. ప్రయాణం నీ శక్తికి మించినది, కాబట్టి తిను అన్నాడు. ఇంతవరకు ఒక్క ఉపదేశం కూడా లేదు. రెండు నిద్రలు, రెండు భోజనాలు, అంతే. మనిషి శరీరాన్ని చేసిన దేవునికి దాని అవసరం తెలుసు.

18 ఏళ్లు దాటినవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పగలు చదివినది జ్ఞాపకంగా స్థిరపడటానికి కూడా ఆ నిద్ర అవసరం. రాత్రంతా మేలుకుని చదివి పొద్దున పరీక్షకు వెళ్లేవారు, సాయంత్రమంతా బస్తాలో ధాన్యం పోసి మూతి కట్టకుండా బండెక్కించినవారితో సమానం. కాఫీ, ఎనర్జీ డ్రింకుల విషయం కూడా చెప్పాలి. మనం తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అంటే సాయంత్రం 6 గంటలకు తాగిన కాఫీలో సగం బలం రాత్రి 11కి కూడా ఒంట్లో ఉంటుంది. అప్పుడు మంచం మీద దొర్లుతూ "టెన్షన్‌కి నిద్ర పట్టడం లేదు" అనుకుంటాం. కీర్తన 127:2 వేకువన లేచి, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుని, కష్టార్జితం తినడం వ్యర్థమంటుంది. నిద్ర దేవుడు తన ప్రియులకిచ్చే బహుమానమని చెబుతుంది. బహుమానాన్ని తిప్పి పంపడం గొప్పతనం కాదు.

రొట్టె సంగతి ఫెలోషిప్‌కు బాగా తెలుసు. మా క్యాంపస్‌కు దగ్గర్లో ఉండే ఆంటీ ఒకరు మిడ్‌టర్మ్ వారంలో అన్నం, పప్పు, దొండకాయ వేపుడు డబ్బాల్లో పెట్టి నాకూ, మా తోటి తెలుగు పిల్లలకూ ఇచ్చి వెళ్లేవారు. మార్కుల గురించి ఒక్కసారి కూడా అడగలేదు. "తిని కాసేపు పడుకో నాన్నా" అనేవారు. ఆవిడ ఎప్పుడూ వేదిక ఎక్కి ప్రసంగం చేయలేదు. కానీ 1 రాజులు 19లో దేవదూత చేసిన పరిచర్య ఏమిటో నాకు అర్థమయ్యేలా చేసింది ఆ డబ్బాలే.

4. నడక: రోజుకు రోజు చదువు

ఆ భోజనం ఇచ్చిన బలంతో ఏలీయా నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు చేరాడు. తినడం, పడుకోవడం అతణ్ణి కూర్చోబెట్టడానికి కాదు, నడిపించడానికి. మన విషయంలో ఆ నడక చదువే. అది ఎలా నడవాలి అన్నదానికి నిర్గమకాండము 16లోని మన్నా నాకు సహాయపడింది.

ఇశ్రాయేలీయులు మన్నాను ఏ రోజుది ఆ రోజు కూర్చుకోవాలి. మరుసటి రోజుకు దాచుకున్నవారిది పురుగు పట్టి కంపుకొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు కూర్చుకుని, ఏడో రోజు విశ్రాంతి తీసుకోవాలి. ఈ అధ్యాయం చదువు గురించి రాసినది కాదు. అయినా దేవుడు తన ప్రజలను కొంచెం కొంచెంగా, క్రమంగా పోషించే పద్ధతి అందులో కనిపిస్తుంది. చదువు కూడా ఒక్క రాత్రిలో కుప్పపోసుకుంటే నిలవదు.

ఇది పరిశోధనలు కూడా చెప్పే మాటే. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో లెక్క రాసుకుని పుస్తకంగా ప్రచురించాడు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే మరపు చాలా వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఒకే రోజు పదేపదే వల్లించేకంటే రోజుల మీద పంచుకుని వల్లిస్తే తక్కువ శ్రమతో నిలుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు సెయింట్ లూయిస్‌లో కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారే మెరుగు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవారు ముందున్నారు. మళ్లీ చదివితే తెలిసినట్టు అనిపిస్తుంది, చూడకుండా రాస్తే తెలిసిందో లేదో బయటపడుతుంది. అందుకే రెండోది కష్టంగా ఉంటుంది, అందుకే అది పనిచేస్తుంది.

ఆశ్చర్యమేమిటంటే, ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మన సండే స్కూల్ టీచర్లు కంఠత వాక్యం నేర్పే తీరు చూడండి. బైబిలు మూయించి చెప్పమంటారు. ఈ వారం వాక్యంతో పాటు పోయిన వారంది, నెల కిందటిది కూడా అడుగుతారు. ద్వితీయోపదేశకాండము 6:7 కూడా ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలను పిల్లలతో మాట్లాడమంటుంది. ఆరేళ్ల వయసులో నేర్చుకున్న వాక్యం ఇప్పటికీ నోటికి రావడానికి కారణం ఇదే.

దీన్ని కాలేజీ చదువుకు ఇలా వాడుకోవచ్చు:

క్లాసు అయిన రోజు సాయంత్రమే నోట్సు మూసి, తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయండి. రానిది మాత్రమే పుస్తకంలో చూడండి. పదిహేను నిమిషాలు చాలు.

అదే పని మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి చేయండి.

లెక్కలైతే జవాబు ఉన్న లెక్కను చదవడం ఆపి, జవాబు మూసి మొదటి నుంచి చేయండి.

సిలబస్‌లోని తేదీలన్నీ మొదటి వారంలోనే ఒకే క్యాలెండరులో ఎక్కించండి. నాలుగు పరీక్షలు ఒకే వారంలో పడుతున్నాయని ఆగస్టులో తెలిస్తే అది సమాచారం, అక్టోబరులో తెలిస్తే అది భయం.

ఆదివారం ఆరాధనకు, విశ్రాంతికి కేటాయించండి. ఆరో రోజు రెండింతలు అనే సూత్రం అందుకే. శనివారం కాస్త ఎక్కువ కూర్చుంటే ఆదివారం మనసు తేలికగా ఉంటుంది.

5. "ఇక్కడ ఏం చేస్తున్నావు?"

హోరేబు గుహలో దేవుడు ఏలీయాను ఒక ప్రశ్న అడిగాడు: ఇక్కడ నీకేం పని? సర్వం తెలిసిన దేవునికి జవాబు తెలియక కాదు. ఏలీయా నోటితో చెప్పుకోవడానికి చోటిచ్చాడు. ఏలీయా తన గోడంతా చెప్పాడు. బలమైన గాలి, భూకంపం, అగ్ని వచ్చి వెళ్లాయి. వాటిలో దేవుడు లేడు. చివర ఒక మెల్లని స్వరం వినిపించింది. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. రెండోసారి కూడా దేవుడు విసుక్కోకుండా విన్నాడు.

మనం కూడా చెప్పుకోవడం నేర్చుకోవాలి. ఫిలిప్పీయులకు 4:6 చింతపడవద్దని చెప్పి ఊరుకోదు, మన విన్నపాలు దేవునికి తెలియజేయమంటుంది. దేవునికి చెప్పుకున్నవారు మనుషులకు చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడనక్కర్లేదు. యూనివర్సిటీలో అందుకు తలుపులు చాలా ఉన్నాయి, మనవాళ్లే వాటిని తట్టరు.

మొదటి తలుపు ఆఫీస్ అవర్స్. ప్రొఫెసర్ వారానికి కొన్ని గంటలు విద్యార్థుల కోసమే తన గదిలో కూర్చుంటారు. మన దగ్గర స్టాఫ్ రూంకు పిలిచారంటే తప్పు చేశామని అర్థం, అందుకే మనకు కాళ్లు వెనక్కి లాగుతాయి. ఇక్కడ ఒక్క సందేహం రాసుకుని వెళ్తే చాలు. "మూడో స్టెప్ వరకు అర్థమైంది, ఇక్కడి నుంచి కాలేదు" అని చెప్తే సంతోషంగా చెప్తారు.

రెండో తలుపు అకడమిక్ అడ్వైజర్. ఒక సబ్జెక్టు నిజంగా మునిగిపోతుంటే గడువులోగా దాన్ని వదులుకునే వీలుంటుంది. అలా వదిలితే మార్కుల పత్రంలో సాధారణంగా డబ్ల్యూ అని మాత్రమే పడుతుంది, జీపీఏలో కలవదు. అయితే స్టూడెంట్ వీసాలో డిగ్రీ చదివేవారు సెమిస్టర్‌కు 12 క్రెడిట్లకు తగ్గే ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుతో తప్పక మాట్లాడి అనుమతి తీసుకోవాలి. లేకపోతే వీసాకే ఇబ్బంది వస్తుంది.

మూడో తలుపు కౌన్సెలింగ్ సెంటర్. దాదాపు ప్రతి పెద్ద యూనివర్సిటీలో ఉంటుంది. అక్కడ చెప్పినది ప్రాణాపాయం ఉంటే తప్ప సాధారణంగా బయటికి వెళ్లదు. ఒళ్లు కాలిపోతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లి, ప్రార్థన కూడా చేసుకుంటాం కదా. మనసు విషయంలో కూడా అంతే. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే ఒక్క రాత్రి కూడా ఒంటరిగా ఉండవద్దు. అమెరికాలో 988కి, బ్రిటన్‌లో సమరిటన్స్ వారి 116 123కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఆ వెంటనే మన పాస్టర్‌గారికో, నమ్మకమైన ఒక పెద్దవారికో చెప్పండి.

6. ఏడువేలమంది, ఒక ఎలీషా

ఏలీయా రెండుసార్లూ చెప్పిన మాట ఒకటుంది: నేనొక్కణ్ణే మిగిలాను. దేవుడు ఆ మాటను వాదించి కొట్టిపారేయలేదు. ముందు అతనికి చేయగలిగిన పని ఇచ్చాడు: వచ్చిన దారినే తిరిగి వెళ్లు, ఫలానా వారిని అభిషేకించు. తర్వాత లెక్క సరిచేశాడు: బయలుకు మోకరించనివారు ఇశ్రాయేలులో ఏడువేలమంది ఉన్నారు. ఆపైన ఎలీషాను తోడిచ్చాడు. బెయేర్షెబాలో సేవకుణ్ణి వదిలి ఒంటరిగా వెళ్లినవాడు ఇప్పుడు ఒక శిష్యుణ్ణి వెంటబెట్టుకుని నడిచాడు.

మా క్యాంపస్ బైబిల్ స్టడీకి వచ్చే ఒక తెలుగు అన్న అక్టోబరు మధ్య నుంచి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే బిజీ అనేవాడు. ఐదు వారాలయ్యాక మేం ఇద్దరం బిర్యానీ పట్టుకుని అతని రూముకు వెళ్లాం. చాలాసేపటికి "మార్కులు ఇలా ఉంటే ఏ ముఖం పెట్టుకుని ఫెలోషిప్‌కు రాను?" అన్నాడు. ఆ మాట విన్నాక మాకు వాక్యం చెప్పబుద్ధి కాలేదు. కలిసి తిన్నాం. ఆ రాత్రి అతను చాలా రోజుల తర్వాత పూర్తిగా నిద్రపోయాడట. ఆ వారంలోనే ఒకరం తోడుగా వెళ్లి ప్రొఫెసర్ గదిదాకా నడిచాం. మిగిలిన నెల ముగ్గురం లైబ్రరీలో ఒకే బల్ల దగ్గర కూర్చుని చదివాం. అతను ఆ సెమిస్టర్ గట్టెక్కాడు. గట్టెక్కకపోయినా మాతోనే ఉండేవాడు, అది ముఖ్యం.

మార్కులు తగ్గినవాడికి ఫెలోషిప్‌కు రావడానికి ముఖం చెల్లకపోతే, ఆ లోపం ఎవరిదో మనమంతా ఆలోచించాలి. మంచి యూనివర్సిటీలో సీటు వచ్చినవారిని ముందుకు పిలిచి చప్పట్లు కొడతాం. అది మంచిదే, దేవునికే మహిమ. పరీక్ష తప్పిన బిడ్డను కూడా అదే ప్రేమతో పిలిచి ఎప్పుడైనా ప్రార్థన చేశామా? గలతీయులకు 6:2 ఒకరి భారం ఒకరు మోయమని చెప్పినప్పుడు మంచి మార్కులవారి భారం అని ప్రత్యేకించలేదు.

7. తల్లిదండ్రులకు ఒక మనవి

అమెరికాలో 1974 నాటి ఫెర్పా అనే చట్టం ఉంది. కాలేజీలో చేరిన విద్యార్థి మార్కుల వివరాల మీద హక్కు ఆ విద్యార్థిదే. సాధారణంగా వారి అనుమతి లేకుండా కాలేజీ తల్లిదండ్రులకు మార్కులు పంపదు. ఇండియాలోలాగా ప్రోగ్రెస్ కార్డు ఇంటికి రాదు. కాబట్టి మీ బిడ్డ ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికి మీకున్న ముఖ్యమైన దారి మీ బిడ్డ నోరే. ఆ నోరు తెరుచుకుంటుందా, మూసుకుంటుందా అన్నది మన మొదటి ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది.

"ఎంత వచ్చింది?" అని మొదలుపెడితే "బాగానే వచ్చాయి" అనే జవాబుతో ఫోన్ ముగుస్తుంది. "తిన్నావా? రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? ఈ వారం ఏది కష్టంగా ఉంది?" అని అడిగితే మిగతాది మెల్లగా వస్తుంది. దేవుడు ఏలీయాను నడిపించిన వరుస కూడా ఇదే. మార్కులు అడగవద్దని నేను అనడం లేదు. మీరు పడ్డ కష్టం, కట్టిన ఫీజు మాకు తెలుసు. చెప్పడానికి చోటుంటే మేమే ముందు చెప్తాం. వారానికి ఒక ఫోన్ కాల్ మార్కుల ఊసు లేకుండా, ఇంటి కబుర్లతో, చివర చిన్న ప్రార్థనతో సాగనివ్వండి. ఆ కాల్ కోసం మేం ఎదురుచూస్తాం.

ఆలోచించి మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. నిద్ర, ఆహారం, నడక, చెప్పుకోవడం, పని, తోడు: ఈ వరుసలో ఈ సెమిస్టర్ మీరు దేన్ని వదిలేస్తున్నారు?

2. ఏలీయా సేవకుణ్ణి వదిలి వెళ్లినట్టు, కష్టం వచ్చినప్పుడు మీరు మొదట ఎవరికి దూరమవుతారు? ఎందుకు?

3. మీరు ఇప్పుడు చదువుతున్న ఒక పాఠాన్ని సండే స్కూల్ కంఠత వాక్యంలాగా నేర్చుకోవాలంటే ఈ వారం ఏ రోజుల్లో ఏం చేస్తారు?

4. తల్లిదండ్రులు: గత నెలలో మీ బిడ్డను మార్కులు కాక ఇంకేం అడిగారు?

5. మన ఫెలోషిప్‌లో ఈమధ్య కనిపించడం మానేసిన విద్యార్థి ఎవరు? ఈ వారం వారి ఇంటికి ఎవరు భోజనం తీసుకువెళ్తారు?

ప్రార్థన

పరలోకమందున్న తండ్రీ, ఏలీయా అలసటను చూసి అసహ్యించుకోక, రొట్టె, నీళ్లు పంపిన దేవా, నీకు స్తోత్రం. పుస్తకాల ముందు, అప్పుల మధ్య, ఒంటరి గదుల్లో ఉన్న మా యౌవనస్థులను జ్ఞాపకం చేసుకో. వారికి నిద్రనిమ్ము. ఏ రోజు చదువుకు ఆ రోజు బలమిమ్ము. నోరు విప్పే ధైర్యమిమ్ము. వారి కోసం డబ్బా కట్టి తీసుకెళ్లే చేతులుగా, విసుగు లేకుండా వినే చెవులుగా మమ్మల్ని మార్చు. యేసు నామములో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.